ఊరి చుట్టూ బాట, నోటీసులో మాట

ఖరగ్‌పూర్ రైల్వే స్టేషనుకు ఉత్తరాన ఇందా అనే పేట ఉన్నది. ఖడ్గేశ్వరుని పేరిట వెలసిన శివాలయం ఈ పేటలోనిదే. పట్టణానికి ఖరగ్‌పూర్ అనే పేరు ఆ స్వామి వలననే వచ్చినదని ఇక్కడివారి విశ్వాసం. 1949లో స్థాపితమైన ఖరగ్‌పూర్ కళాశాల కూడా ఇక్కడనే ఉన్నది. పేట నడుమ నుండి పోయే దారిని నేటికీ ఓ.టి. రోడ్డు అంటారు. ఒరిస్సా ట్రంకు రోడ్డు అన్నది దాని పూర్తి పేరు. వంగదేశం నుండి పూరీ జగన్నాథుని దర్శనానికి కాలినడకను, ఎడ్లబండ్లపైన తరలిపోయిన యాత్రికుల బాట అది.

ఇప్పుడు ఆ బాట మీద సాయంకాలం ఐదు గంటలకు నిలబడి చూచినవారికి భక్తి కలుగదు సరికదా, నిర్వేదం కలుగుతుంది. స్టేషను వైపు పోయే ఆటోలు, ఇక్కడివారు టోటోలని పిలిచే బ్యాటరీ రిక్షాలు, మేదినీపూర్ బస్సులు, కళాశాల విడిచిన పిల్లల సైకిళ్లు, వీటన్నింటి మధ్య సరకు దించడానికి అడ్డంగా నిలిచిన ఒక లారీ. టీ దుకాణం ముందు బల్ల మీద కూర్చున్న పెద్దలు ఈ దృశ్యాన్ని చూచి ఎన్నో ఏళ్లుగా ఒకటే మాట అంటున్నారు: “ఊరి చుట్టూ ఒక బైపాస్ పడితే గాని ఈ పీడ విరగడ కాదు.”

ఆ బల్ల మీద కూర్చునేవారిలో తెలుగువారు తక్కువేమీ కాదు. 19వ శతాబ్దం ముగియబోయే నాటికి బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఈ ఎర్రమట్టి మిట్ట మీద జంక్షను నెలకొల్పినది. 1902లో ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే ఉత్తర భాగం కూడా ఆ కంపెనీ చేతికే వచ్చినది. నేటి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల వారు ఆ రైలు మార్గం వెంబడి వచ్చి, కార్ఖానాలో కొలువు చేసి, ఇక్కడనే ఇళ్లు కట్టుకొని, మనవలను ఎత్తుకున్నారు. కాని ఊరిలోని సెంటు భూమి మీద మమకారం మాత్రం తెగలేదు. ఈ వ్యాసానికి ఆ మమకారమే కారణం. ఆ సంగతికి ముందుగా బైపాస్ అనే వస్తువును గురించి కొంత చెప్పుకోవాలి.

బైపాస్ కావాలా, అక్కరలేదా అన్నది కోపంతో తేల్చే విషయం కాదు. లెక్కతో తేల్చే విషయం. రోడ్డు పక్కన కూర్చొని ఏడు దినములు, రేయింబవళ్లు, ఏ రకపు బండి ఎన్నిసార్లు పోయినదో గుర్తు పెట్టడం మొదటి లెక్క. అన్ని బండ్లూ ఒకే చోటు ఆక్రమించవు గనుక వాటికి ఒక కొలమానం ఉన్నది. పట్టణం వెలుపలి రోడ్లకు భారత రోడ్ల కాంగ్రెసు 1990లో వెలువరించిన మార్గదర్శకాలలో కారు ఒకటి అయితే, బస్సు గాని లారీ గాని మూడు, సైకిలు అర, సైకిలు రిక్షా రెండు, పెద్ద ఎడ్లబండి ఎనిమిది. అనగా రోడ్డు మీద ఒక ఎడ్లబండి ఎనిమిది కార్లతో సమానం. ఈ గౌరవం ఆ ఎడ్లకు ఎవరూ తెలియజేసి ఉండరు.

రెండవ లెక్క మరింత ముఖ్యమైనది. ఊరి పొలిమేరలలో బండిని ఆపి, “ఎక్కడి నుండి వస్తున్నారు? ఎక్కడికి పోతున్నారు?” అని అడుగుతారు. ఒక నిమిషం పని. కాని బైపాస్ భవిష్యత్తు అంతా ఆ రెండు ప్రశ్నల మీదనే ఆధారపడి ఉన్నది. ఊరితో పని లేక, దారి గనుక ఊరి గుండా పోయే బండి ఒక రకం. ఊరికే వచ్చే బండి, ఊరిలోనే తిరిగే బండి మరొక రకం. బైపాస్ మొదటి రకాన్నే తప్పించగలదు. చిన్న ఊరిలో మొదటి రకం పాలు ఎక్కువ. ఊరు పెరిగిన కొద్దీ రెండవ రకం పాలు పెరుగుతుంది. నగరానికి వచ్చేసరికి బండ్లలో అధిక భాగానికి ఆ నగరమే గమ్యం. 1963లో బ్రిటనులో కాలిన్ బుకానన్ నాయకత్వాన వెలువడిన ‘ట్రాఫిక్ ఇన్ టౌన్స్’ అనే నివేదికకు ప్రసిద్ధి రావడానికి, బండ్ల రద్దీ అన్నది రోడ్ల సమస్య మాత్రమే కాదు, పట్టణపు కట్టడమే దానికి మూలమని వివరించడం ఒక కారణం.

ఈ గజంతో ఇందాను కొలిచి చూద్దాం. కలకత్తా నుండి చెన్నపట్నం పోయే జాతీయ రహదారి పట్టణపు అంచున, చౌరంగీ కూడలి వద్ద మలుపు తిరుగుతుంది. 2010లో రహదారుల సంఖ్యలు మార్చినప్పుడు దానికి 16 అనే సంఖ్య వచ్చినది. పడమటికి పోయే 49వ నంబరు రహదారి, మేదినీపూర్ మీదుగా రాణీగంజ్ వైపు పోయే 14వ నంబరు రహదారి కూడా ఖరగ్‌పూర్ వద్దనే దానితో కలుస్తాయి. దూరప్రయాణపు లారీకి ఇందా టీ దుకాణంతో పని లేదు. అది చౌరంగీ వద్దనే తన దారి తాను చూచుకొనగలదు. ఇక ఇందాలో సాయంకాలం ఊపిరి సలపనివ్వని బండ్లు ఎవరివి? స్టేషనుకు, ఆసుపత్రికి, కళాశాలకు, బజారుకు పోయే మనవే. వాటికి కావలసినది మరొక బైపాస్ కాదు; నడవడానికి పేవుమెంటు, సరకు దించుకోవడానికి వేళ, బస్సు ఆగడానికి చోటు. బల్ల మీది పెద్దలతో ఈ మాట అన్నప్పుడు వారు సంతోషించలేదు. తప్పు దారిపోయే లారీది కాదు, తమ స్కూటరుదే అంటే ఎవరు సంతోషిస్తారు?

మూడవ సంగతి ఒకటి ఉన్నది. దానికి ఖరగ్‌పూరే సాక్షి. రైలు రాకముందు ఈ ప్రాంతానికంతటికీ ముఖ్యపట్టణం కంసావతి నదికి ఆవలి ఒడ్డున ఉన్న మేదినీపూర్. ప్రధాన రైలు మార్గం నదికి ఈవలనే, ఖాళీ మిట్ట మీదుగా సాగిపోయినది. అనగా మేదినీపూర్‌కు అది ఒక రకమైన బైపాస్. ఆ బైపాస్ ఒడ్డున కార్ఖానా లేచినది, బజారు లేచినది, చివరకు జిల్లా ముఖ్యపట్టణాన్ని మించిన సందడి గల నగరమే లేచినది. ఊరిని తప్పించుకొని దారి పోతే, ఊరు లేచి దారి దగ్గరకు పోతుంది.

ఇంగ్లండులోనూ ఇదే జరిగినది. లండను నగరపు నైరుతిదిక్కున కింగ్‌స్టన్ పట్టణంలో రద్దీ తగ్గించడానికి వేసిన బైపాస్‌ను 1927లో నాటి ప్రధానమంత్రి బాల్డ్విన్ ప్రారంభించాడు. కొన్ని సంవత్సరాలు తిరగక ముందే దాని రెండు ఒడ్డులా ఇళ్లు, కార్ఖానాలు వరుస కట్టినవి. ఒక్కొక్క ఇంటి గేటు నుండి ఒక్కొక్క కారు రోడ్డెక్కడం మొదలుపెట్టగానే బైపాస్ కాస్తా మరొక బజారు వీధి అయినది. ఇటువంటి అనుభవాల మీదట 1935లో ఆ దేశం, రోడ్ల వెంబడి రిబ్బను వలె సాగే కట్టడాలను అరికట్టడానికి ఒక చట్టమే చేసుకొనవలసి వచ్చినది. మన తెలుగుదేశంలో దీనికి భిన్నమైన ఉదాహరణ హైదరాబాదు చుట్టూ 158 కిలోమీటర్ల పొడవున ఉన్న బాహ్య వలయ రహదారి. దాని మీదికి ఎక్కడపడితే అక్కడ ఎక్కడానికి వీలు లేదు; నిర్ణీత కూడళ్లలోనే ఎక్కాలి, దిగాలి. కంచె లేని బైపాస్ పదేళ్లకు మరొక బైపాస్‌ను అడుగుతుంది.

అయితే కంచె వేసిన రోడ్డు బండ్లకు ఎంత సుఖమో, దాని కింద పడిన పొలానికి అంత కష్టం. మమకారం సంగతి ఇప్పుడు చెప్పవలసి ఉన్నది.

మా వీధిలో ఒక పెద్దాయన ఉన్నారు. కార్ఖానాలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. వారి నాన్నగారు తొలి జీతాలలో మిగిల్చిన డబ్బుతో ఉత్తరాంధ్రలోని ఒక చిన్న పట్టణపు శివారున 80 సెంట్ల మడి కొన్నారట. అందులో ఒక నుయ్యి. ఇప్పుడు తమ్ముని కుమారుడు సాగు చేస్తూ, ఏటా సంక్రాంతికి ఒక బస్తా బియ్యం రైలులో పంపుతాడు. ఖరగ్‌పూర్‌లో బియ్యం దొరకక కాదు.

అనువాదం నా వృత్తి. వీధిలో ఎవరికి ఇంగ్లీషు కాగితం వచ్చినా నా గుమ్మం ఎక్కుతారు. ఒకనాటి సాయంకాలం ఆయన వచ్చి తమ ఫోను నా చేతికిచ్చారు. అది ఇంగ్లీషు కాగితం కాదు. తెలుగు పత్రికలో పడిన ప్రకటనకు ఫొటో. ఆ చిన్న పట్టణానికి బైపాస్ వేయనున్నారు. ఊళ్ల పేర్లు, సర్వే నంబర్లు, హెక్టార్లు వరుసగా ఉన్నాయి. చివరన, భూమిలో “ఆసక్తి గల వ్యక్తులు” 21 దినములలోగా తమ అభ్యంతరాలు వ్రాతమూలకంగా తెలుపుకొనవచ్చునని ఉన్నది.

“బాబాయిగారూ, ఇది మీకు ఎప్పుడు వచ్చింది?” అని అడిగాను.

“వచ్చి చాన్నాళ్లయింది బాబూ. మావోడు అప్పుడే పంపాడు. నాకేటి ఆసక్తి? రోడ్డేసుకుంటామంటే ఏసుకోనీ అని ఊరుకున్నాను. ఆసక్తి ఉన్నోళ్లు ఎళ్తారు కదా!”

తేదీలు లెక్క చూచాను. గెజెటులో ప్రకటన వెలువడిన నాటి నుండి అది 26వ దినం.

నేను కొంతసేపు ఏమీ మాట్లాడలేకపోయాను. చట్టపు ఇంగ్లీషులో ‘ఇంటరెస్ట్’ అన్న మాటకు అర్థం ఆసక్తి కాదు. హక్కు, సంబంధం, లాభనష్టాలలో పాలు. ఆ నుయ్యి తవ్వించినవారి కొడుకు ఆ నేలలో సంబంధం గలవాడు కాకపోతే మరెవరు? నిఘంటువులో మొదట కనిపించిన మాటను ఎవరో ఒక అనువాదకుడు తీసి అక్కడ పెట్టాడు. అతనిని నిందించడానికి నాకు నోరు రాలేదు. తొందరలో, తక్కువ కూలికి, తెల్లవారేసరికి ఇవ్వవలసిన కాగితాలు నేనూ చేశాను. నా అనువాదం చదివి ఎవరెవరు ఊరుకున్నారో నాకు తెలియదు.

అంతటితో అయిపోలేదు. వారి సర్వే నంబరు ఎదుట 0.1214 హెక్టార్లు అని ఉన్నది. “పన్నెండు సెంట్లే కదా, దానికి గొడవేటి అనుకున్నాను,” అన్నారు పెద్దాయన. దశాంశ బిందువు తరువాతి మొదటి రెండు అంకెలను ఆయన సెంట్లుగా చదువుకున్నారు. ఒక హెక్టారు దాదాపు రెండు ఎకరాల నలభైయేడు సెంట్లు. ఆ లెక్కన 0.1214 హెక్టార్లు అంటే 30 సెంట్లు. కాగితం మీద మడి బొమ్మ గీయమన్నాను. వణుకుతున్న వేలితో గీశారు. రోడ్డు మడి నడుమ నుండి పోతుంది. నాలుగు వరుసల బైపాస్‌కు సాధారణంగా 60 మీటర్ల వెడల్పు నేల తీసుకుంటారు. ఒక్క కిలోమీటరుకే ఆరు హెక్టార్లు, అనగా సుమారు పదిహేను ఎకరాలు. మిగిలిన 50 సెంట్లు రెండు ముక్కలవుతాయి.

బొమ్మ పూర్తి అయిన తరువాత గాని ఆయనకు అసలు సంగతి తట్టలేదు. “నుయ్యి ఇవతలుండిపోయి మడి అవతల అయిపోతాది కదా బాబూ! నీరెలా ఎళ్తాది?” అన్నారు.

ఆయన రోడ్డు వద్దనడం లేదని పాఠకులు గమనించాలి. ఆ చిన్న పట్టణంలో లారీలు బడిపిల్లల మధ్య నుండి పోవడం ఆయన చూచినదే. ఆయన అడగదలచినది రోడ్డు కింద ఒక తూము, ఎడ్లు దాటడానికి ఒక సొరంగ మార్గం, అంతే. నక్షా ఇంకా కాగితం మీద ఉన్నప్పుడు అది ఒక గీత. సిమెంటు పడిన తరువాత ఒక కోరిక.

ఇక్కడ చట్టాన్ని గురించి నాలుగు మాటలు చెప్పడం అవసరం. ఇది ఏ పాఠకుని ఊరికైనా రేపు రావచ్చును. 1956 నాటి జాతీయ రహదారుల చట్టంలోని 3ఏ సెక్షను కింద ప్రభుత్వం భూమి తీసుకొనదలచినట్లు గెజెటులో ప్రకటిస్తుంది. దాని సారాంశాన్ని రెండు స్థానిక పత్రికలలో వేయించాలి. అందులో ఒకటి దేశభాషా పత్రిక అయి ఉండాలి. 3సీ సెక్షను కింద, ప్రకటన వెలువడిన నాటి నుండి 21 దినములలోగా, భూమిలో సంబంధం గలవారు కారణాలు చూపుతూ అభ్యంతరం వ్రాసి ఇవ్వవచ్చును; వారి మాటను స్వయంగా గాని, న్యాయవాది ద్వారా గాని వినాలి. ఏడాదిలోగా 3డీ కింద తుది ప్రకటన వస్తే భూమి ప్రభుత్వపరం అవుతుంది. 3జీ కింద పరిహారం నిర్ణయించే ముందు మరొకసారి ప్రకటన ఇచ్చి హక్కుదారులను పిలుస్తారు. 2013 నాటి భూసేకరణ చట్టంలోని పరిహార నియమాలు 2015 జనవరి 1 నుండి రహదారుల భూములకు కూడా వర్తిస్తున్నాయి. పల్లె భూములకు మార్కెటు విలువను ఒకటి నుండి రెండు రెట్ల వరకు లెక్కించి, దాని మీద నూటికి నూరు సొలేషియం కలుపుతారు. కనుక 21 దినములు దాటినంత మాత్రాన పరిహారం పోదు. పోయేది నక్షా గురించి మాట్లాడే హక్కు.

చదువుకునే రోజులలో జార్జ్ ఎలియట్ రచించిన ‘మిడిల్‌మార్చ్’ అనే నవలలో ఒక ఘట్టం నన్ను నవ్వించినది. రైలుదారి కొలవడానికి పొలంలోకి వచ్చిన సర్వేయర్ల మీదికి పల్లె కూలీలు గడ్డి ఎత్తే పంగల కర్రలు పట్టుకొని దూకుతారు. కేలెబ్ గార్త్ అనే సజ్జనుడు రైలు వలన మేలే జరుగుతుందని వారికి నచ్చజెప్పబోతే, టిమతీ కూపర్ అనే ముసలి కూలీ, తన జీవితంలో ఎన్నో మార్పులు వచ్చిపోయినా పేదవానికి ఒరిగినది లేదన్న భావం వెల్లడిస్తాడు. అప్పట్లో ఆ ముసలివాడు నాకు మూర్ఖునివలె కనిపించాడు. ఇప్పుడు అతనికి ఎవరైనా ముందుగా అతని మాటలో చెప్పి ఉంటే కర్రలు లేచి ఉండేవా అనిపిస్తున్నది. వంద సంవత్సరాల తరువాత, 1978లో, డగ్లస్ ఆడమ్స్ తన హాస్య రేడియో నాటకాన్ని బైపాస్ కోసం ఒక అమాయకుని ఇల్లు కూల్చడానికి వచ్చిన యంత్రంతోనే ప్రారంభించాడు. ఆ నక్షాలు ప్రజల పరిశీలనకు ఉంచారట; ఎక్కడ? దీపం లేని నేలమాళిగలో, తాళం వేసిన బీరువాలో! శ్రోతలు పగలబడి నవ్వారు. మన నోటీసుకు తాళం లేదు, నిజమే. అది పత్రికలో పట్టపగలు అచ్చు అయినది. కాని అర్థం కాని మాట కూడా ఒక తాళమే.

లారీ డ్రైవరును ఆపి అతనికి తెలిసిన భాషలో, ‘ఎక్కడి నుండి, ఎక్కడికి?’ అని అడుగుతారు. అతడు జవాబు చెప్పకపోతే మరొకసారి అడుగుతారు. బైపాస్ శాస్త్రమంతా ఆ ప్రశ్న మీద నిలిచి ఉన్నది. నుయ్యి ఎటు, మడి ఎటు అన్న ప్రశ్న రైతును అడగడానికి అంతకన్న ఎక్కువ శ్రమ ఏమున్నది? హెక్టార్ల పక్కన ఎకరాలు, సెంట్లు వేయవచ్చును. సర్వే నంబరు పక్కన పొలం పిలుపు పేరు వేయవచ్చును. “ఆసక్తి” అన్న చోట “హక్కు గాని, సంబంధం గాని గలవారు” అనవచ్చును. పంచాయతీ ముందు నక్షా అతికించి, ఒకరు గట్టిగా చదివి వినిపించవచ్చును. దీనికి కొత్త చట్టం అక్కరలేదు.

ఖరగ్‌పూర్ వంటి చోట ఈ ప్రశ్నకు మరొక ముడి ఉన్నది. ఇక్కడ దేశభాషా పత్రిక అంటే బెంగాలీ పత్రిక. మా వీధిలో బెంగాలీ ధారాళంగా మాట్లాడే తెలుగువారు ఎందరో; చదవగలవారు అందరూ కారు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాషా హోదా ఇవ్వడానికి ఆమోదం తెలిపినప్పుడు ఇక్కడి తెలుగువారు పండుగ చేసుకున్నారు. భాషకు హోదా సభలలో తెలియదు. ఇల్లు పోయే నోటీసు ఇంటివానికి అర్థమైన నాడు తెలుస్తుంది.

పెద్దాయన పక్షాన మేము రెండు కాగితాలు వ్రాశాము, తెలుగున ఒకటి, ఇంగ్లీషున ఒకటి. గడువు దాటినదని ఒప్పుకొని, కారణం చెప్పి, నుయ్యి నుండి మడికి నీరు పోవడానికి తూము, ఎడ్లు దాటడానికి దారి కోరుతూ, ఆయన గీసిన బొమ్మను శుభ్రంగా మరల గీసి జతపరిచాము. సంతకం చేసే ముందు ఆయన తెలుగు కాగితాన్ని అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివారు. కళ్లజోడు సవరించుకొని నా వైపు చూచారు.

“ఇందులో ఎక్కడా ‘ఆసక్తి’ అని రాయలేదు కదా బాబూ?”

రాయలేదన్నాను. అప్పుడు సంతకం చేశారు.

రిజిస్టరు పోస్టు ముట్టినట్లు రసీదు వచ్చినది. జవాబు ఇంకా రాలేదు. సాయంకాలాలు ఆయన టీ దుకాణం బల్ల మీదనే ఉంటారు. బైపాస్ మాట వచ్చినప్పుడు మాత్రం మునుపటి వలె తల ఊపరు. “ఎవరి పొలం మీద నుండి?” అని అడుగుతారు.